వేడికి రంగు మారి, చల్లబడితే తిరిగొచ్చే ద్రవాలు, స్ఫటికాలు: మన ల్యాబులో చేసి చూడటం ఎలా

మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్ అనే రాగి లవణం) కరిగించిన నీళ్లలో కాస్త దొడ్డుప్పు వేసి గాజు గొట్టంలో పోసి, ఆ గొట్టాన్ని వేడినీళ్ల గ్లాసులో నిలబెడితే నీలం మెల్లగా ఆకుపచ్చ వైపు జరుగుతుంది. తీసి మంచుముక్కల్లో పెడితే మళ్లీ నీలం వైపు వస్తుంది. ఇంటర్ మొదటి ఏడాదిలో సమతాస్థితి గురించి గంటసేపు బోర్డు మీద చెప్పిన పాఠం ఇక్కడ రెండు నిమిషాల్లో కళ్ల ముందుంటుంది.

ఏళ్లుగా డిగ్రీ పిల్లలతో ఈ ప్రయోగాలు చేయిస్తున్నాను. ప్రతి బ్యాచ్‌కీ మొదటిరోజే ఒక మాట చెబుతాను. రంగు మారడం గొప్ప కాదు, మారిన రంగు వెనక్కి రావాలి. అదీ మనం నీళ్లు పోయకుండా, ఏమీ కలపకుండా, చల్లబరిస్తే చాలు రావాలి. మైలుతుత్తం పలుకుల్ని గరిటెలో వేయిస్తే తెల్లటి పొడి అవుతుంది. చాలామంది దాన్నే వేడికి రంగు మారడం అనుకుంటారు. కానీ ఆ తెల్లపొడి చల్లారినా తెల్లగానే ఉంటుంది, ఒక నీటిచుక్క పడితేనే నీలం అవుతుంది. అక్కడ జరిగింది నీళ్లు ఆవిరై పోవడం. వేడి చేసిన పని ఏది, నీళ్లు చేసిన పని ఏది అన్నది విడదీసి చూడగలిగితే ఈ ప్రయోగాలు వచ్చినట్టే. కింద చెప్పే ప్రతి మెలకువా దానికోసమే.

నాలుగు ప్రయోగాలు చెబుతాను. మొదటిది పెద్దవాళ్లు పక్కన ఉంటే స్కూలు పిల్లలూ చేయవచ్చు. మిగతా మూడూ కాలేజీ ల్యాబులోనే, లెక్చరర్ ఎదురుగానే చేయాలి. కోబాల్ట్ లవణాలు ఇంట్లో ఉండకూడని పదార్థాలు.

మొదలుపెట్టే ముందు

గాజు పరీక్ష నాళికలు ఓ పది, థర్మామీటర్, గ్రాములో వందో వంతు వరకు చూపే చిన్న తూకం, చేతికి గ్లౌజులు, కళ్లద్దాలు కావాలి. గాజు సామాను, ల్యాబు రసాయనాలు కోఠి, ఆబిడ్స్ వైపు సైంటిఫిక్ షాపుల్లో దొరుకుతాయి. రసాయనాలు మాత్రం కాలేజీ పేరు మీద ఇండెంట్ పెట్టి తెప్పించుకోవడమే పద్ధతి. మైలుతుత్తానికి అంత దూరం పోనక్కర్లేదు, బోర్డో మిశ్రమం కోసం రైతులు కొనేదే కాబట్టి విత్తనాలు, పురుగుమందులు అమ్మే దుకాణంలో అడగండి.

నీళ్ల దగ్గర మాత్రం రాజీపడకండి. మన బస్తీల్లో బోరు నీళ్లకు గట్టిదనం ఎక్కువ. వాటిలోని బైకార్బనేట్లు రాగితో కలిసి ద్రావణాన్ని పాలవిరుగుడులా మసకబారుస్తాయి. అప్పుడు రంగు సరిగా కనపడదు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఒకటి తెచ్చుకుంటే సరిపోతుంది.

ఉప్పు కూడా చూసి తీసుకోండి. జారుగా ఉండే ప్యాకెట్ ఉప్పుల్లో కొన్నింటికి గడ్డ కట్టకుండా ఫెర్రోసయనైడ్ అతికొద్దిగా కలుపుతారు. ప్యాకెట్ వెనక ఐఎన్ఎస్ 536 అని ఉంటే అదే. తినడానికి అది ఇబ్బంది కాదు గానీ రాగి తగిలితే గోధుమరంగు మడ్డి కడుతుంది. దొడ్డుప్పు మేలు. దాన్ని విడిగా కరిగించి, దూదిలోనో వడపోత కాగితంలోనో వడగట్టి వాడండి, ఇసుక పోతుంది.

థర్మామీటర్‌ను ఒకసారి మరుగుతున్న నీళ్లలో పెట్టి చూడండి. 100 చూపకపోతే అది పాడైందని పడేయకండి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి.

మొదటి గొట్టం: మైలుతుత్తం, ఉప్పు

20 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో ఒక గ్రాము మైలుతుత్తం కరిగించండి. లేత నీలం వస్తుంది. ఇందులోంచి 4 మిల్లీలీటర్లు ఒక నాళికలోకి తీసి పక్కన పెట్టండి. దీనిలో ఉప్పు వేయొద్దు, దీని పని తర్వాత ఉంది. మిగిలిన దానిలో 4 గ్రాముల దొడ్డుప్పు వేసి కరిగేదాకా కలపండి. ఉప్పు కరుగుతున్నకొద్దీ నీలంలోకి ఆకుపచ్చ చాయ వచ్చి చేరడం కనిపిస్తుంది. అది చూడకుండా తల తిప్పుకోవద్దు, సగం కథ అక్కడే ఉంది.

ఈ ఉప్పు ద్రావణాన్ని మూడు నాళికల్లో సమానంగా పోయండి. ప్రతి దాని మీద ద్రవం ఎక్కడిదాకా ఉందో మార్కర్‌తో సన్నగీత గీయండి. మూతికి చిన్న బెలూన్ తొడగండి. బిరడా బిగించి వేడి చేస్తే లోపలి ఆవిరి దాన్ని ఎగరగొడుతుంది. అసలు మూతే పెట్టకపోతే నీళ్లు ఆవిరైపోయి ద్రావణం చిక్కబడుతుంది, రంగు మారింది వేడికా, చిక్కబడినందుకా అన్నది తేలదు. బెలూన్ అయితే ఉబ్బుతుంది, చల్లబడ్డాక తగ్గుతుంది, నీళ్లు లోపలే ఉంటాయి. ఆఖర్లో ద్రవం మళ్లీ ఆ గీత దగ్గరే ఉంటే మీ ప్రయోగం నిఖార్సైనది.

ఒక నాళిక మంచుముక్కలు వేసిన నీళ్లలో, ఒకటి స్టాండులో, మరొకటి 70, 80 డిగ్రీల వేడినీళ్లలో పెట్టండి. ఉప్పు లేని నాళికను కూడా వేడినీళ్లలోనే దాని పక్కన పెట్టండి. ఐదు నిమిషాలు ఆగి అన్నీ ఒకేసారి బయటికి తీసి తెల్లకాగితం ముందు వరసగా పట్టుకోండి. మంచులోది నీలం వైపు, వేడిలోది స్పష్టంగా ఆకుపచ్చ వైపు ఉంటాయి, స్టాండులోది మధ్యలో నిలుస్తుంది. ఉప్పు లేనిదాంట్లో చెప్పుకోదగ్గ మార్పు ఉండదు. వేడి ఒక్కటే రంగు మార్చలేదని, ఉప్పులోని క్లోరైడ్ కూడా కావాలని ఆ నాలుగో నాళిక సాక్ష్యం చెబుతుంది. సాక్ష్యం లేని ప్రయోగం నా దగ్గరికి తెస్తే నేను రికార్డు మీద సంతకం పెట్టను.

ఒకే నాళికను వేడి చేసి చూస్తే మార్పు చిన్నగా అనిపించవచ్చు. మన కన్ను పాత రంగును గుర్తుపెట్టుకోలేదు, పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా పట్టుకుంటుంది. అందుకే మూడు.

లోపల జరిగేది ఇది. నీళ్లలో రాగి అయాన్ చుట్టూ నీటి అణువులు చేరి ఉంటాయి. ఆ అమరికది లేత నీలం. క్లోరైడ్లు ఎక్కువైనప్పుడు కొన్ని నీటి అణువులు లేచి పోయి, వాటి చోట్లో క్లోరైడ్లు కూర్చుంటాయి. నాలుగు క్లోరైడ్లు చుట్టూ చేరిన రాగిది పసుపు. గొట్టంలో నీలం అయాన్లూ పసుపు అయాన్లూ కలిసి ఉంటాయి, మన కంటికి ఆ రెండూ కలిసి ఆకుపచ్చగా అందుతాయి. నీటిని వదిలి క్లోరైడ్‌ను తీసుకోవడం ఉష్ణగ్రాహక చర్య. వేడి అందిస్తే ఆ వైపు సాగుతుంది, వేడి తీసేస్తే వెనక్కి వస్తుంది. లీ చాట్లియర్ సూత్రం అని మనం బట్టీపట్టింది ఇదే.

ఒక హెచ్చరిక. ఈ ద్రావణాన్ని అల్యూమినియం గిన్నెలో ఎప్పుడూ పోయకండి. ఉప్పు తోడైన రాగి ద్రావణం అల్యూమినియాన్ని తినేస్తుంది. నురగ వస్తుంది, గిన్నె బాగా వేడెక్కుతుంది, హైడ్రోజన్ వెలువడుతుంది. ఇనుము, స్టీలు పాత్రలు కూడా వద్దు. గాజు, లేదా ప్లాస్టిక్. వాడిన గాజుసామాను వంటింట్లోకి తిరిగి రాకూడదు.

రెండోది: కోబాల్ట్, ల్యాబులో మాత్రమే

రంగు మార్పు ఎంత బలంగా ఉండగలదో చూడాలంటే కోబాల్ట్ క్లోరైడ్‌ను మించింది లేదు. కానీ దాని పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్ కారకం, గర్భస్థ శిశువుకూ హాని. గ్లౌజులు వేసుకుని, ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిర్లను, ధూళిని బయటికి లాగేసే గాజు అరలో), పొడి రేగకుండా తూచాలి. తూకం లెక్చరర్ వేసి, కరిగించిన ద్రావణమే పిల్లలకు ఇవ్వడం ఇంకా మంచిది.

50 మిల్లీగ్రాములు చాలు, అంటే రెండు మూడు బియ్యపు గింజలంత. 10 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కరిగిస్తే ముదురు నీలం వస్తుంది. గులాబీ రంగు పలుకులు నీలం ద్రావణం ఇవ్వడం చూసి పిల్లలు ఎప్పుడూ ఆశ్చర్యపోతారు. ఇప్పుడు డ్రాపర్‌తో డిస్టిల్డ్ వాటర్ ఒక్కొక్క చుక్కే వేస్తూ, ప్రతి చుక్కకూ కలుపుతూ పోండి. నీలం ఊదా అవుతుంది, ఆ తర్వాత గులాబీ. గులాబీ వచ్చీ రాగానే చెయ్యి ఆపండి. అక్కడ ఆగితే ఆ గొట్టం వేడికి బాగా స్పందిస్తుంది. ఇంకో పది చుక్కలు వేసేశారంటే ఎంత వేడి చేసినా గులాబీగానే మొండికేస్తుంది, మళ్లీ మొదటినుంచీ చేసుకోవాల్సిందే.

నాళికను 60 డిగ్రీల వేడినీళ్లలో పెట్టండి, నీలం తిరిగి వస్తుంది. మంచులో గులాబీ. ఇది ఆల్కహాల్, నిప్పంటుకునే ద్రవం. బర్నర్ ఆ గదిలోనే వెలగకూడదు. నీళ్లు వేరేచోట కాచి తెచ్చుకోండి.

చాలా పుస్తకాలు గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో చేయమంటాయి. రంగులు దానిలోనూ అద్భుతంగా వస్తాయి. కానీ నలభైమంది ఉన్న గదిలో ఆ ఆవిర్లు నాకు ఇష్టం లేదు, అందుకే ఆల్కహాల్ దారి పట్టాను.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పుకోవాలి. నీటి అణువులు ఆరు చుట్టూ చేరిన కోబాల్ట్ అష్టముఖి ఆకారంలో ఉంటుంది. క్లోరైడ్లు నాలుగు చేరింది చతుర్ముఖి. అష్టముఖికి సరిగ్గా నడుమ సౌష్ఠవ కేంద్రం ఉంది, అంటే ఏ వైపు ఏముందో దానికి సరిగ్గా ఎదురు వైపూ అదే ఉండే నడిబిందువు. దానివల్ల ఎలక్ట్రాన్ వెలుతురును పట్టుకుని పై డి-ఆర్బిటాల్‌లోకి (ఎలక్ట్రాన్ ఉండగల పై మెట్టులోకి) ఎగరడానికి నియమం అడ్డొస్తుంది. కాబట్టి కాంతిని కొద్దిగానే మింగుతుంది, లేత గులాబీ మాత్రమే కనిపిస్తుంది. చతుర్ముఖిలో ఆ కేంద్రం లేదు, అడ్డు సడలింది. అయాన్‌కు అయాన్ లెక్కన అది పదుల రెట్లు ఎక్కువ కాంతిని మింగుతుంది. బకెట్ నీళ్లలో నీలిమందు నాలుగు చుక్కలు పడితే బట్టలన్నీ నీలం పట్టినట్టు, కోబాల్ట్‌లో పదోవంతు చతుర్ముఖిగా మారినా గొట్టమంతా నీలంగా కనిపిస్తుంది. కాబట్టి గొట్టం నీలంగా ఉందంటే కోబాల్ట్ అంతా మారిపోయిందని రికార్డులో రాయకండి. గొట్టంలో కనపడుతున్న రంగు వేరు, అయాన్ల లెక్క వేరు.

ఇదే కోబాల్ట్‌తో 1737లో ఫ్రాన్స్‌లో జాన్ ఎలో అనే రసాయనవేత్త కనిపించని సిరా గురించి రాశాడు. పలచని ద్రావణంతో కాగితం మీద రాస్తే కంటికి ఆనదు, కాగితం వెచ్చబరిస్తే నీలి అక్షరాలు తేలతాయి, చల్లారి కాసేపయ్యాక మాయమవుతాయి. వినడానికి మన గొట్టంలాగే ఉన్నా అక్కడ నడిపేది గాల్లోని తేమ. వేడికి నీళ్లు పోతాయి, తిరిగి గాల్లోంచి రావాలి. మన దగ్గర మే నెల మధ్యాహ్నం పొడిగాలిలో ఆ అక్షరాలు చాలాసేపు నిలబడతాయి, జూలై ముసురులో త్వరగా చెరిగిపోతాయి. బెలూన్ తొడిగిన గొట్టానికి బయట వాన పడుతోందో ఎండ కాస్తోందో తెలియదు. రెంటికీ తేడా అదే.

మూడోది: అయానిక్ ద్రవంలో రాగి

లవణం అనగానే ఉప్పుగల్లు గుర్తొస్తుంది. సోడియం క్లోరైడ్ కరగాలంటే 801 డిగ్రీలు కావాలి. 100 డిగ్రీల లోపే కరిగి ద్రవంగా ఉండే లవణాలను అయానిక్ ద్రవాలు అంటున్నారు. 1914లో పాల్ వాల్డెన్ వర్ణించిన ఇథైల్ అమ్మోనియం నైట్రేట్ 12 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, అంటే మన సంక్రాంతి చలిలో కూడా గదిలో ద్రవంగానే ఉంటుంది. ఇమిడజోలియం రకం అయానిక్ ద్రవాలు ఖరీదు, కాలేజీ ల్యాబుకు అందవు. వాటికి దగ్గరి చుట్టం ఒకటి ఉంది, చవకైనది, మనమే కలుపుకోవచ్చు: కోలిన్ క్లోరైడ్, ఇథిలీన్ గ్లైకాల్ మిశ్రమం. దీన్ని యూటెక్టిక్ ద్రవం అంటారు, అంటే విడివిడిగా కంటే కలిసినప్పుడు తక్కువ వేడికే కరిగే మిశ్రమం. ఇందులో అయాన్లతోపాటు మామూలు అణువులూ ఉంటాయి కాబట్టి పూర్తి అయానిక్ ద్రవం అనకూడదు. అయినా రాగి, కోబాల్ట్‌ల చుట్టూ క్లోరైడ్లను గుమికూర్చడంలో దానిలాగే పనిచేస్తుంది.

కోలిన్ క్లోరైడ్‌ను కోళ్లదాణాలోనూ కలుపుతారు, మన చుట్టుపక్కల కోళ్లఫారాల వాళ్లకు తెలిసిన సరుకే. కానీ దాణా కోసం అమ్మేదానిలో చాలావరకు మొక్కజొన్న బెండ్ల పొడి కలిసి ఉంటుంది, అది మనకు పనికిరాదు. ల్యాబు రకమే తీసుకోండి. ఇథిలీన్ గ్లైకాల్ కారు కూలెంట్లలో వాడే ద్రవం. తియ్యగా ఉంటుంది, విషం. సీసా మీద పెద్ద అక్షరాలతో తెలుగులో కూడా రాసి అంటించండి.

14 గ్రాముల కోలిన్ క్లోరైడ్, 12.4 గ్రాముల ఇథిలీన్ గ్లైకాల్ తూచండి. మోల్స్ లెక్కలో ఒకటికి రెండు. కోలిన్ క్లోరైడ్ గాల్లోని తేమను బెల్లంలా పీల్చుకుంటుంది, వానాకాలంలో మూత తీసిపెట్టి ఫోన్ మాట్లాడి వచ్చేసరికి ముద్దయి ఉంటుంది. చకచకా తూచి మూత పెట్టేయండి. రెంటినీ మూతగల సీసాలో వేసి 70 డిగ్రీల నీళ్లలో పెట్టి అప్పుడప్పుడు తిప్పుతుంటే పలుకులు కరిగి తేటద్రవం అవుతుంది. చల్లబడ్డాక కూడా ద్రవంగానే ఉంటుంది.

ఇందులో ఓ 200 మిల్లీగ్రాముల కుప్రిక్ క్లోరైడ్ (రాగి క్లోరైడ్) కరిగించండి. మొదటి గొట్టంలో నీలంగా ఉన్న అదే రాగి ఇక్కడ పసుపుగా కనపడుతుంది. చుట్టూ క్లోరైడ్లే, నీళ్లు దాదాపు లేవు. ఇప్పుడు ఐదు చిన్న సీసాల్లో ఈ ద్రవం 3 మిల్లీలీటర్ల చొప్పున పోసి, మొదటిదాన్ని అలాగే వదిలి, మిగతావాటిలో వరసగా 1, 2, 3, 5 మిల్లీలీటర్ల నీళ్లు కలపండి. పసుపు నుంచి ఆకుపచ్చ మీదుగా నీలం వైపు ఒక వరస తయారవుతుంది. నాకు ఈ నాలుగింటిలో ఇదే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే మొదటినుంచీ మనం వెతుకుతున్న నీళ్ల చెయ్యి ఇక్కడ మిల్లీలీటర్ల లెక్కలో కంటికి కనపడుతుంది.

ఆ వరసను అలాగే వేడినీళ్లలో దించండి. నీళ్లు కలపని పసుపు సీసాలో పెద్దగా మార్పుండదు, అక్కడ తొలగించడానికి నీటి అణువులు లేవు. నడిమి సీసాలు పసుపు వైపు జరుగుతాయి. అంటే వేడి చేసిన మూడో సీసా, వేడి చేయని రెండో సీసా వైపుకు నడుస్తుంది. ద్రవం మళ్లీ కలుపుకుని ఇంకో వరస చేసి, దాన్ని చల్లగా ఉంచి పక్కన పెట్టి పోల్చండి. ఎన్ని డిగ్రీల వేడి ఎన్ని మిల్లీలీటర్ల నీళ్లు తీసేసినదానికి సమానమో పిల్లలు వాళ్లంతట వాళ్లే లెక్క కడతారు. ఆ లెక్క ఏ గైడులోనూ ఉండదు.

కోబాల్ట్‌తో చేయాలనుకుంటే ఇదే ద్రవంలో నీలంగా మొదలవుతుంది. నీళ్లు చుక్కలుగా వేస్తూ ఊదా వచ్చాక ఆపి వేడి చేయండి.

ఈ ద్రవాలను పరిశోధకులు ఇష్టపడటానికి కారణం, లవణం గాల్లోకి ఆవిరై పోదు. ఆల్కహాల్ గొట్టం మూత వదులైతే వారంలో ఎండిపోతుంది. అయానిక్ ద్రవంలో నికెల్, కోబాల్ట్ సంక్లిష్టాలను (లోహ అయాన్ చుట్టూ ఇలా వేరేవి చేరిన అమరికలను) పలచటి పొరగా రెండు గాజుల మధ్య పరిచి, ఎండ ముదిరితే తనంతట తానే రంగెక్కే కిటికీలు చేయాలని ప్రయత్నాలు సాగుతున్నాయి. గచ్చిబౌలి, హైటెక్ సిటీల్లో అద్దాల గోడల వెనక ఏప్రిల్, మే నెలల్లో ఏసీ ఎంత పనిచేస్తుందో తెలిసినవాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. నికెల్ లవణాలు కూడా క్యాన్సర్ కారకాలే, కాబట్టి పిల్లలతో నికెల్ చేయించను.

నాలుగోది: నీళ్ల ప్రమేయమే లేని స్ఫటికం

ఇంతదాకా చూసినవన్నీ పక్కన కూర్చున్నవాళ్లు మారితే వచ్చిన రంగులు. పక్కవాళ్లు అలాగే ఉండి, కూర్చున్న తీరు మాత్రమే మారినా రంగు మారుతుంది. దీనికి డైఇథైల్ అమ్మోనియం టెట్రాక్లోరోక్యుప్రేట్ అనే స్ఫటికాలు చేసుకోవాలి.

డైఇథైల్ అమీన్ హైడ్రోక్లోరైడ్ 2.2 గ్రాములు, 15 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో వేసి వేడినీళ్లలో పెట్టి కరిగించండి. వేరే సీసాలో కుప్రిక్ క్లోరైడ్ 1.7 గ్రాములు, 3 మిల్లీలీటర్ల ఇథనాల్‌లో వేసి అలాగే వెచ్చగా కరిగించండి. రెండూ కలిపి, తేమ పీల్చే మాలిక్యులర్ సీవ్ పూసలు ఓ పది వేసి కాసేపు ఉంచండి. తేటను వేరే సీసాలోకి ఒంపి, మూత పెట్టి మంచులో నిలబెట్టండి. మెరిసే ఆకుపచ్చ సూదులు దిగుతాయి. త్వరగా వడగట్టి, రెండు చుక్కల చల్లటి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, పొడిగా ఉన్న సన్నగొట్టంలో నింపి బిరడా గట్టిగా బిగించి, పైన మైనం పూయండి. ఇక్కడ ద్రవం లేదు, ఆవిరి భయం లేదు, కాబట్టి బిగించవచ్చు.

మొదటిసారి ఇది చేసింది మే నెలలో, ఏసీ లేని ల్యాబులో. గది 40 దగ్గరుంది. మంచు కరిగిపోయింది, సూదులు దిగనే లేదు, ఆకుపచ్చ ద్రవం అలాగే మిగిలింది. రెండోసారి జూలైలో చేస్తే స్ఫటికాలు బ్రహ్మాండంగా వచ్చాయి గానీ పెట్రీ డిష్‌లో ఆరబెట్టి భోజనానికి వెళ్లి వచ్చేసరికి తేమ తాగి జిగురుగా మారాయి. ఆరోజు పిల్లల ముఖాలు చూడలేకపోయాను, రెండు రోజుల కష్టం వాళ్లది. అప్పటినుంచీ దీన్ని డిసెంబర్, జనవరి నెలలకే పెట్టుకున్నాను. పొడిగాలి, చల్లటి గది, ఏ ఇబ్బందీ లేదు. మీకు జూలై తప్పకపోతే వడగట్టిన వెంటనే డెసికేటర్‌లోకి (లోపల తేమ పీల్చే పదార్థం ఉండే మూత పాత్రలోకి) పంపండి, ఒక్క నిమిషం కూడా బయట ఉంచకండి.

గొట్టాన్ని థర్మామీటర్‌కు రబ్బరు బ్యాండుతో కట్టి నీళ్లలో దించి, మెల్లగా వేడి చేయండి. నిమిషానికి ఒక డిగ్రీ మించకుండా. 50 డిగ్రీలు దాటే ప్రాంతంలో ఆకుపచ్చ పోయి పసుపు వస్తుంది. మొదటి గొట్టంలో లాగా జారుతూ జారుతూ కాదు, గీత గీసినట్టు వస్తుంది. ఆకుపచ్చగా ఉన్నప్పుడు నాలుగు క్లోరైడ్లూ రాగి చుట్టూ దాదాపు ఒకే తలంలో చతురస్రంలా ఉంటాయి. అమ్మోనియం వైపు హైడ్రోజన్లు ఆ క్లోరైడ్లను హైడ్రోజన్ బంధాలతో పట్టి ఉంచుతాయి. వేడికి ఆ పట్టు సడలగానే క్లోరైడ్లు మెలిదిరిగి చతుర్ముఖి వైపు వాలతాయి, రంగు పసుపు. అదే రాగి, అవే నాలుగు క్లోరైడ్లు.

వేడి ఎక్కేటప్పుడు మారిన ఉష్ణోగ్రత ఒకటి, దిగేటప్పుడు మారింది ఒకటి, రెండూ విడివిడిగా రాసుకోండి. ఘనపదార్థంలో అవి కలవకపోవడం మామూలే. రెండు అంకెలు రాయాల్సి వచ్చిందని ఒకదాన్ని దిద్దేయకండి. మీ అంకె పక్క బ్యాచ్ అంకెతో రెండు మూడు డిగ్రీలు తేడా వస్తే ముందు స్ఫటికాల్లో తేమను అనుమానించండి.

ఫొటోలు తీసేటప్పుడు ఫోన్ కెమెరా తనంతట తాను రంగు సర్దుతుంది. ఆ సర్దుబాటును ఆపి, ప్రతి ఫొటోలో ఒక తెల్లకాగితం ముక్క ఉండేలా చూసుకోండి. ట్యూబ్‌లైట్ కిందో, కిటికీ వెలుతురులోనో, ఏదైనా ఒక్కచోటే తీయండి.

పారబోసేది ఎక్కడ

సింకులో మాత్రం కాదు. సింకు నాలాలోకి, నాలా మూసీలోకి. రాగి కొద్దిపాటి మోతాదులోనే చేపలకు, నాచుకు ప్రాణాంతకం. మూసీకి మనం చేసిన అన్యాయం ఇప్పటికే చాలు.

మొదటి గొట్టాల్లోని రాగి ద్రావణాన్ని ఒక బకెట్లో చేర్చి, వాషింగ్ సోడా కలిపిన నీళ్లు కొద్దికొద్దిగా పోయండి. కొంచెం నురగ రావచ్చు. నీలం కలిసిన ఆకుపచ్చ మడ్డి దిగుతుంది. కొత్తగా మడ్డి రావడం ఆగేదాకా పోసి రాత్రంతా కదపకుండా ఉంచితే పైన తేటనీరు నిలుస్తుంది. అది నీలంగా ఉంటే ఇంకాస్త సోడా కావాలి. వడగట్టి మడ్డిని ఎండబెట్టి, మూతగల డబ్బాలో 'రాగి కార్బనేట్, తినరాదు' అని రాసి ఉంచండి. కోబాల్ట్ ద్రావణాలకు, అయానిక్ ద్రవాలకు వేర్వేరు సీసాలు పెట్టండి, వాటిలో దేన్నీ సోడా బకెట్లో కలపొద్దు. ఏడాదికోసారి కాలేజీ వ్యర్థాలతోపాటు ఇవన్నీ దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి వెళ్లేలా ల్యాబ్ ఇన్‌ఛార్జ్‌తో ముందే మాట్లాడుకోండి.

స్ఫటికాల గొట్టాన్ని మాత్రం పారేయొద్దు. మైనం చెదరకుండా ఉంటే వచ్చే ఏడాది బ్యాచ్‌కూ పనికొస్తుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద కాసేపు పెట్టి చూడండి, పసుపు అయి ఉంటుంది.